పావుకిలో ఆకాశం

మరుగుతున్న నీళ్ళలో పట్టుగూళ్ళు పొర్లుతుంటే అజ్మతుల్లా వాటిని కుంచెతో ఒక తిప్పు తిప్పి, రెండు వేళ్ళు ముంచి పైకి ఎత్తాడు. వేళ్ళ వెంట గుప్పెడు దారాలు లేచాయి. కొత్తగా వచ్చినవాళ్ళకు అక్కడ ఆవిరి తప్ప ఏమీ కనిపించదు. అజ్మతుల్లాకు కూడా కనిపిస్తాయని చెప్పలేం, ఆయన వేళ్ళకు తెలుస్తాయంతే. కొసలన్నీ కలిపి ఒకటే పోగు చేసి, రాట్నానికి అందించి, తొట్టి మీదకు మళ్ళీ మెడ వంచాడు. ఈ మెడ వంచడం ఆయనకు మీసాలు రాకముందు మొదలైంది. ఇప్పుడు గడ్డం నెరిసింది.

మదనపల్లెలో పట్టుదారం తీసే షెడ్లలో ఇలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు. సన్నగా, ముందుకు వంగిన భుజాలతో, ఎంత తోముకున్నా పోని పురుగుల వాసనతో ఉంటారు. అజ్మతుల్లాలో ప్రత్యేకించి చెప్పుకోవలసింది ఏమైనా ఉంటే అది ఆయన వేళ్ళే. వేన్నీళ్ళలో నాని నాని తెల్లబడి, కొసలు ముడతలు పడి, గీతలన్నీ అరిగిపోయాయి. రేషను షాపులో మిషను మీద ఆయన వేలు పెడితే అది ఈయనను మనిషి కిందే లెక్కవేయదు. అందుకని ఆ పని భార్య షంషాద్ చూసుకుంటుంది. సర్కారు దృష్టిలో మా ఇంట్లో మగవాడు నేనేనని ఆమె వేళాకోళం చేస్తుంది.

ఆ పొద్దు దారం మాటిమాటికీ తెగింది. పక్కతొట్టి ఆమె కూడా గమనించి, ఒంట్లో బాగలేదా అని అడిగింది. ఒంట్లో బాగానే ఉంది, మనసే పుంగనూరు రోడ్డు మీద ఉంది. నిన్న సాయంత్రం హెడ్‌కానిస్టేబుల్ గంగాధరం ఫోన్ చేసి, తనకు కుప్పం బదిలీ అయిందనీ, మర్నాడు మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోతున్నాననీ, అంతలోపల వచ్చి తాను పట్టుకున్న డ్రోన్ సంగతి తేల్చుకోమనీ చెప్పాడు. తూకం పావుకిలో లోపల ఉంటే తీసుకుపోవచ్చు. దాటితే కేసు రాసి పైకి పంపించి పోతాడు. తన తర్వాత వచ్చేవాడు ఎలాంటివాడో తనకు తెలియదన్నాడు.

ఆ మాట విన్నప్పటినుంచి అజ్మతుల్లాకు అన్నం సయించలేదు. డ్రోన్ పోతుందన్న బాధ ఒకటి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా స్టేషను మెట్టు ఎక్కని పేరు ఇప్పుడు కేసులో పడుతుందన్న భయం ఇంకొకటి. యజమానిని సగంపూట సెలవు అడిగి, చేతులు కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కుని బస్సెక్కాడు.

ఆ డ్రోన్ కొన్నది కాదు. బస్టాండు దగ్గర ఫొటో స్టూడియో నడిపే ముక్తియార్‌ది. ఏదో పెళ్ళిలో షామియానా గుంజకు తగిలి దాని రెక్క విరిగితే, ముక్తియార్ పెద్దది కొనుక్కుని దీన్ని మూలన పడేశాడు. చిన్నప్పటి స్నేహితుడు గనక అడిగీ అడగగానే ఇచ్చేశాడు. అజ్మతుల్లా విరిగినచోట జిగురు పూసి, పైన పట్టుదారంతో ఎముకకు కట్టు కట్టినట్టు చుట్టాడు. అది లేచింది. లేచినరోజు ఆయన ముఖం చూసి షంషాద్, సవతి వచ్చింది ఇంటికి అంది.

పదేళ్ళ వయసులో ఇదే మనిషి షెడ్డులోంచి పట్టుపోగు తెచ్చి గాలిపటం ఎగరేసి, నాన్న చేత దెబ్బలు తిన్నాడు. పోగు తెచ్చినందుకు కొట్టాడేమో అనుకున్నాడు అప్పట్లో. పనికిమాలిన దానికి పొద్దు పోగొట్టినందుకని తర్వాత అర్థమైంది. ఆ తర్వాత ఆయన పనికిమాలినది ఏదీ చేయలేదు. పని చేశాడు, పెళ్ళి చేసుకున్నాడు, పిల్లలను పెంచాడు, వాళ్ళను ఒక దారికి తెచ్చాడు. మెడనొప్పి ముదిరితే మిషన్ ఆసుపత్రిలో దయామణి డాక్టరమ్మ పరీక్ష చేసి, రోజూ కాసేపు తలెత్తి పైకి చూడమంది. పైన చూడటానికి ఏముందని ఆయన అనుకున్నాడు. డ్రోన్ వచ్చాక చూడటానికి ఏదో ఒకటి దొరికింది.

ఊళ్ళో ఎగరేయడానికి ఆయనకే మనసొప్పలేదు. మిద్దెల మీద ఆడవాళ్ళు బట్టలు ఆరేసుకుంటారు, తలలు ఆరబెట్టుకుంటారు. మన మిద్దె మీదకు కెమెరా వస్తే మనం ఊరుకుంటామా అని తనకు తానే చెప్పుకున్నాడు. అందుకని సెలవురోజున బస్సెక్కి పుంగనూరు రోడ్డులో దిగి, టమోటా కోతలు అయిపోయిన బీడు చేలలోకి పోయేవాడు. ఆ చోట ఎగరేస్తే అడ్డం లేదని ముక్తియార్ ఫోనులో మ్యాపు చూపించాడు కూడా, అక్కడంతా పచ్చరంగే ఉంది. అయినా ఎవరికీ అనుమానం రాకుండా కెమెరా కంటికి గుడ్డముక్క అతికించాడు. ఫొటో లేదు, వీడియో లేదు. అది పైన తిరుగుతుంటే ఈయన కింద నిలబడి చూసేవాడు, అంతే.

పోయిన వారం అక్కడికి దగ్గరలోనే ఎవరో పెద్దాయన సభ జరిగింది. ఆ సభ మీద డ్రోన్లు జోరీగల్లా తిరిగాయి, అందులో ముక్తియార్‌ది కూడా ఒకటి. జనం నెత్తిన తిరిగేవాటిని ఎవరూ అడగలేదు. బీడు చేలో ఎవరి నెత్తినా లేనిదాన్ని గంగాధరం వచ్చి పట్టుకున్నాడు. ఎందుకు ఎగరేస్తున్నావంటే ఊరకే అన్నాడు అజ్మతుల్లా. కెమెరాకు గుడ్డ ఎందుకంటే ఎవరికీ అనుమానం రాకూడదని అన్నాడు. అనుమానం రావడానికి అంతకన్నా ఏం కావాలి! గంగాధరం దాన్ని అవుట్‌పోస్టుకు తీసుకుపోయాడు.

సంగతి తెలిసి ముక్తియార్ సిగ్గుపడ్డాడు, దానికన్నా ఎక్కువ కోప్పడ్డాడు. పెళ్ళికంటే వదిలేస్తారు, పైరుకు మందు కొట్టడానికంటే వదిలేస్తారు, సభకంటే సెల్యూట్ కొట్టి వదిలేస్తారు, ఏదో ఒక పని పేరు చెప్పొచ్చు గదా అన్నాడు. పంటకు తెగులు చూస్తున్నానని చెప్పమన్నాడు. షంషాద్ అయితే మెడనొప్పికి డాక్టరమ్మ రాసిచ్చిన మందని చెప్పమంది. బస్సులో కూర్చుని అజ్మతుల్లా ఈ రెండు అబద్ధాలనూ మార్చి మార్చి నోట్లో తిప్పుకున్నాడు. రెండోది అబద్ధం కూడా కాదు, సగం నిజమే. ఊరు దాటి గుట్టలు మొదలయ్యేసరికి దాన్నే ఖాయం చేసుకున్నాడు.

అవుట్‌పోస్టు అంటే రోడ్డు పక్కన ఒక గది, ముందు రేకుల వసారా. గంగాధరం అప్పటికే సంచి సర్దుకుని కూర్చుని ఉన్నాడు. భారీ మనిషి, పెద్ద పొట్ట, నిద్రలేని కళ్ళు. భార్య నిన్ననే సామాన్ల లారీతో కుప్పం వెళ్ళిపోయిందట. ఈయన ఒంటిగా హోటలు తిండి తిని విసిగి ఉన్నాడు. బీరువా తెరిచి డ్రోన్ తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద దుమ్ము కూడా పడలేదు. ఎవరో గుడ్డ కప్పి పెట్టినట్టున్నారు.

"మళ్ళా అడుగుతాండా, నిజం చెప్పు. యాల ఎగరేసినావప్పా దీన్ని?"

అజ్మతుల్లా నోరు తెరిచాడు. డాక్టరమ్మ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో ఆ క్షణాన ఆ మాట చెబితే, పైకి చూసిన ఆ సాయంత్రాలన్నీ మాత్రలైపోతాయనిపించింది.

"ఊరకే సార్," అన్నాడు.

గంగాధరం నవ్వు రానట్టుగా నవ్వి, ఊరకే అని రాసుకోవడానికి మా దగ్గర గడి లేదప్పా అన్నాడు. గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు. "ఆ పొద్దు పట్టుకోవాల్సింది ఆ సభ మీద తిరిగిన వాటిని. వాటిని పట్టుకునే ధైర్యం లేక నిన్ను పట్టుకున్న్యా. అది నాకూ తెలుసు. అందుకే పైనోళ్ళను అడిగి తెలుసుకున్న్యా. సొంత సరదాకు ఎగరేసే చిన్నదానికి, పావుకిలో లోపల ఉంటే, లైసెన్సు అడగబళ్ళేదంట. దా, తూకమేస్తాం. తేలిపోతాది."

అవుట్‌పోస్టులో తక్కెడ ఎక్కడిది? రోడ్డుకు అవతల మునిలక్ష్మి చిల్లరకొట్టు ఉంది. ఇద్దరూ రోడ్డు దాటారు, డ్రోన్ గంగాధరం చేతిలోనే ఉంది. మునిలక్ష్మి శనక్కాయలు తూచే ఎలక్ట్రానిక్ కాటా మీద దుమ్ము తుడిచి, ఎన్నో తూచాను గానీ ఎగిరేదాన్ని ఎప్పుడూ తూచలేదంటూ దాన్ని పెట్టింది. బీడీలకు వచ్చిన ముసలాయన, సబ్బుకు వచ్చిన అమ్మాయి కూడా మెడలు చాచారు. ఎర్ర అంకెలు అటూ ఇటూ ఊగి నిలబడ్డాయి. రెండువందల యాభైయేడు.

అజ్మతుల్లా కొట్టు గుంజ పట్టుకున్నాడు. గంగాధరం దాన్ని తీసి మళ్ళీ పెట్టాడు. కాటా మాట మార్చలేదు.

మునిలక్ష్మి కాటా వైపు చూసి, "ఏడు గ్రాములే గదప్పా. మేమైతే దాన్ని కొసరంటాం," అంది.

గంగాధరం నవ్వలేదు. కొట్టు ముందున్న బెంచీ మీద కూలబడి ముఖం తుడుచుకున్నాడు. చూడకుండా ఇచ్చేసి ఉంటే బాగుండేదని ఆయనకూ అనిపించి ఉంటుంది. కానీ ఇంతమంది కళ్ళముందు ఎర్ర అంకెలు వెలుగుతున్నాయి. ఆ సభ రోజున చూసీ చూడనట్టు పోయినందుకే గదా ఇప్పుడీ తూకం పెట్టుకున్నది! మళ్ళీ చూడనట్టు పోతే ఆ పనికీ ఈ పనికీ తేడా ఏముంది? ఆ మాటే ముక్కలు ముక్కలుగా పైకి అన్నాడు. కరుకు మనిషేం కాడు గంగాధరం, మెత్తటివాడే. మెత్తటివాళ్ళు న్యాయంగా ఉందామనుకుంటే ఎదుటివాడికి మరీ కష్టం.

డ్రోన్‌ను కాటా మీంచి తీయబోయి మునిలక్ష్మి దాన్ని వెల్లకిలా తిప్పింది. కింద పొట్టకు, సన్నటి పట్టుదారంతో బిగించిన పచ్చగుడ్డ మూట ఒకటి ఉంది, చింతగింజంత లావు కాదు గానీ రూపాయి బిళ్ళంత వెడల్పు.

"ఇదేందన్నా, ఈ మూట?"

అజ్మతుల్లా దాన్ని చూశాడు. రోజూ చూసేదే. చూసీ చూసీ అది కూడా డ్రోన్‌లో ఒక భాగమైపోయింది, దానికి బరువుంటుందన్న ఊహే రాలేదు. అది ఇమామ్ జామిన్. ప్రయాణమై పోయేవాళ్ళు క్షేమంగా ఇల్లు చేరాలని వాళ్ళ ఇళ్ళలో గుడ్డలో నాణెం చుట్టి దండచేతికి కడతారు. ఒకసారి గాలికి డ్రోన్ కొట్టుకుపోయి తుమ్మచెట్లలో పడి చీకటిపడేదాకా దొరకలేదు. ఆ రోజు భర్త ముఖం చూసి షంషాద్ సవతి మాట మానేసి, పాత అయిదు రూపాయల బిళ్ళ, ఆ మందపాటిది, వెతికి తీసి తన చేత్తోనే మూట కట్టింది. ఇంట్లోంచి బయటికి పోయేది ఏదైనా తిరిగి రావాలి గదా అంది.

ఇదంతా అజ్మతుల్లా తడబడుతూ చెప్పాడు. గంగాధరం ముఖం మెల్లగా విచ్చుకుంది. ఇన్ని రోజులూ మా బీరువాలో కూడా అది కాపలా కాసిందన్నమాట అన్నాడు. లేచి నిలబడి, ఇంకేం, విప్పమన్నాడు.

అజ్మతుల్లా చేయి ముందుకు పోయి ఆగిపోయింది. కొట్టు దగ్గరున్నవాళ్ళంతా ఆయన వేళ్ళనే చూస్తున్నారు. కనిపించని దారపు కొసను కూడా పట్టుకునే ఆ వేళ్ళు కనిపిస్తున్న ముడి మీదకు పోవడంలేదు.

"ఇల్లు చేరకముందు ఇప్పకూడదు సార్," అన్నాడు.

మునిలక్ష్మి తల పట్టుకుంది. బీడీల ముసలాయన, బస్సు టైమవుతోంది సారుకు అని గుర్తు చేశాడు. ఇంకొకరైతే విసుక్కునేవాళ్ళు. గంగాధరం మాత్రం విసుక్కోలేదు, అయితే కట్టినావిడనే అడుగు అన్నాడు. కట్టినవాళ్ళ మాట అయితే చెల్లుతుందేమో అని.

అజ్మతుల్లా ఫోన్ చేశాడు. గంగాధరం స్పీకరు పెట్టమన్నాడు. మొదట ఇద్దరూ తమ ఇంటి మాటలో మాట్లాడుకున్నారు. తూకం సంగతి, ఏడు గ్రాముల సంగతి, మూట సంగతి అన్నీ చెప్పాడు. పక్కన ఎవరెవరు ఉన్నారని షంషాద్ అడిగింది. పోలీసు సారు వింటున్నాడని తెలిసి, ఆయనకు కూడా అర్థం కావాలని తెలుగులోకి మారింది.

"ఇప్పుడు అది ఎవరి చేతిలో ఉండాది?"

"సారు చేతిలో."

"నీ చేతికి ఇమ్మను."

గంగాధరం మారుమాట లేకుండా డ్రోన్‌ను రెండు చేతులా పట్టి అజ్మతుల్లా చేతుల్లో పెట్టాడు. పసిబిడ్డను అందించినట్టు అందించాడు.

"వచ్చిందా?"

"వచ్చింది."

"నీ చేతికొచ్చినాక ఇల్లు చేరినట్టే గదా. ఇప్పేయ్."

అజ్మతుల్లాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందరిముందూ అని కూడా చూసుకోలేదు. ముప్పై ఏళ్ళు ఒకే కప్పు కింద ఉన్నా, ఈ మాట ఆమె నోట ఎప్పుడూ రాలేదు, రావలసిన అవసరమూ రాలేదు. ఒక్క లాగుతో ముడి ఊడింది. కాటా మళ్ళీ ఊగింది, నిలిచింది. రెండువందల నలభైయేడు. సబ్బు కోసం వచ్చిన అమ్మాయి చప్పట్లు కొట్టింది. గంగాధరం గుండెల నిండా ఊపిరి తీసుకుని వదిలాడు. తప్పించుకున్నది అజ్మతుల్లా ఒక్కడే కాదని ఆ ఊపిరి వింటే ఎవరికైనా తెలుస్తుంది.

విప్పిన నాణెం ఇంటికి తీసుకుపోకూడదు. దాన్ని లేనివాళ్ళకైనా ఇవ్వాలి, తీపి కొని పంచనైనా పంచాలి. మునిలక్ష్మి సీసా మూత తీసి బెల్లం కమ్మరకట్లు ఇచ్చింది. బిళ్ళకు వచ్చేవాటికన్నా నాలుగు ఎక్కువే ఇచ్చింది, ఇదీ కొసరేనంది. అందరూ బుగ్గన పెట్టుకున్నారు. కాసేపు ఎవరికీ మాట్లాడటానికి వీల్లేకపోయింది.

బస్సుకు ఇంకా టైముంది. గంగాధరం సంచి భుజాన వేసుకుని, ఏదో అడగాలని వచ్చి అడగలేనట్టు నిలబడ్డాడు. చివరికి, ఒకసారి ఎగరేసి చూడొచ్చా అని అడిగాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్నో పట్టుకున్నాను, ఎన్నో జప్తు చేశాను, దేన్నీ ఆడి చూడలేదన్నాడు.

ఇద్దరూ రోడ్డు పక్క కల్వర్టు దగ్గరికి పోయారు. అవతలంతా బీడు, టమోటా కట్టెలు పీకేసిన చాళ్ళు, దూరంగా గుట్టలు. అజ్మతుల్లా డ్రోన్‌ను నేలమీద పెట్టి, తన సంచిలోంచి రిమోటు తీసి గంగాధరం చేతికిచ్చి, ఆయన బొటనవేళ్ళ మీద తన వేళ్ళు పెట్టాడు. పోగు లాగినట్టు మెల్లగా, తెంచకుండా అన్నాడు. అది బుర్రుమంటూ లేచింది. గంగాధరం తలెత్తాడు. టోపీ ముందంచు కళ్ళకు అడ్డం వచ్చింది. ఒక చేత్తో టోపీ తీసి పక్కనున్న కల్వర్టు గోడ మీద పెట్టి మళ్ళీ తలెత్తాడు.

అజ్మతుల్లా చేతులు తీసేశాడు. డ్రోన్ ఒకసారి పక్కకు ఒరిగి, సర్దుకుని, చాళ్ళ మీదుగా పోయింది. లావాటి ఆ మనిషి దాని వెంట రెండడుగులు తెలియకుండానే నడిచాడు. నోరు కొద్దిగా తెరుచుకుంది, బుగ్గన ఉన్న కమ్మరకట్టు సంగతి మరిచిపోయినట్టున్నాడు. ఇద్దరు నడివయసు మగవాళ్ళు మెడలు ఎత్తుకుని, ఎవరికీ జవాబు చెప్పనక్కరలేకుండా నిలబడ్డారు. అజ్మతుల్లాకు ఆ కాసేపట్లో కలిగిన హాయి ఇంతకుముందు ఒంటిగా ఎగరేసినప్పుడు కూడా కలగలేదు.

మలుపు దగ్గర బస్సు హారను వినిపించింది. మునిలక్ష్మి కొట్టు ముందునుంచి, కుప్పం బస్సే అని కేక వేసింది. గంగాధరం ఉలిక్కిపడి రిమోటు ఈయన చేతిలో పెట్టి, సంచి అందుకుని పరుగెత్తాడు. పరుగెత్తడం ఆయనకు అలవాటు పోయి చాలాకాలమైంది, అయినా అందుకున్నాడు. ఫుట్‌బోర్డు మీద నిలబడి వెనక్కు తిరిగి చూశాడు. అజ్మతుల్లా వైపు కాదు, పైకి చూశాడు. కండక్టరు ఆయనను లోపలికి లాగి తలుపు వేశాడు.

బస్సు పలమనేరు వైపు తిరిగి కనబడకుండా పోయేదాకా అజ్మతుల్లా డ్రోన్‌ను అలాగే పైన నిలిపాడు. తర్వాత మెల్లగా దించి, రెక్కలు మడిచి, సంచిలో పెట్టుకున్నాడు. మదనపల్లె బస్సుకు రోడ్డు దాటబోతూ కల్వర్టు గోడ మీద గంగాధరం మరిచిపోయిన టోపీ చూసి ఆగాడు. రేపు ఇదే బస్సు కండక్టరు చేతికిస్తే చేరుతుందిలే అనుకున్నాడు గానీ, దాన్ని ముట్టుకోవడానికి వెంటనే చేయి రాలేదు. గోడ మీద టోపీ బోర్లా కాకుండా వెల్లకిలా ఉంది, చెమట మరకలు కట్టిన లోపలి పట్టీ ఒకచోట కుట్టు విప్పి ఉంది, ఆ సందులో ఎవరో శ్రద్ధగా మడిచి దూర్చిన బోయకొండ గంగమ్మ కుంకుమ పొట్లం ఎండకు ఎర్రగా కనబడుతోంది.